గోడకు పట్టిన మసి



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన ఉద్యోగమంతా పాత కట్టడాలకు కొలతలు తీసి పటాలు గీయడంలోనే గడిచింది. అలాంటి పటాల్లో మూలకట్టడాన్ని చూపించి, తర్వాత వచ్చి చేరినవాటిని వదిలేయడం రివాజు. ఆయన వదిలేవారు కాదు. వసారాను మూసి కట్టుకున్న వంటగది, ఇటుకలతో పూడ్చేసిన కిటికీ, కరెంటు మీటరు బిగించిన చెక్క, మంచం కోడు ఒరుసుకుని గోడలో పడిన గుంట, అన్నీ సన్నగీతలో కనిపించేవి. కట్టించినవాడి ఊహ ఎంత ముఖ్యమో, అందులో బతికినవాళ్ల చేతిపని అంతే ముఖ్యమని ఆయన నమ్మారు. అదే నమ్మకాన్ని వేరే దారిలో పట్టుకున్న కొందరు సమకాలీన కళాకారుల గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను.

పాత భవనం విషయంలో మన తగవంతా కూల్చాలా, నిలబెట్టాలా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. కూల్చినవాళ్లను తిడతాం, బాగుచేసినవాళ్లకు శాలువా కప్పుతాం. బాగుచేయడంలో కూడా పోయేది ఉంది. గోడ గీకుతారు, కొత్త సున్నం పూస్తారు, దూలాలకు రంగు వేస్తారు, మెట్ల మీద అరిగిన రాయి తీసి కొత్త రాయి పరుస్తారు. గీకగా రాలిన పొడిలో దీపంగూటి మసి ఉంటుంది, పొయ్యి పొగ ఉంటుంది, జనం వీపులు ఆనించి కూర్చున్నచోట పట్టిన నూనెజిడ్డు ఉంటుంది. ఇంగ్లండులో కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1849లోనే, కట్టడాల మీద రాసిన తన పుస్తకంలో, పునరుద్ధరణ పేరిట జరిగేది నాశనమేనని నిప్పులు చెరిగాడు. కప్పు కారుతున్నప్పుడు మరమ్మతు చేయక తప్పదు కనుక ఆయన మాటను ఉన్నదున్నట్టు తీసుకోలేం. అయితే ఆ పొడిని ఏంచేశారు అన్న ప్రశ్న మాత్రం అప్పటినుంచీ అలాగే ఉంది. దానికి జవాబు వెతికినవాళ్లు పురావస్తు నిపుణుల్లో తక్కువ, కళాకారుల్లో ఎక్కువ.

1993లో లండన్ తూర్పుభాగంలో, బో అనే పేటలో, గ్రోవ్ రోడ్డు మీద రేచల్ వైట్‌రీడ్ అనే ముప్పై ఏళ్ల శిల్పి చేసిన 'హౌస్' గురించి కాస్త వివరంగా చెబుతాను. రేవుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే జనం ఉండే పేట అది. 1944 జూన్ 13న లండన్ మీద పడిన మొట్టమొదటి వి-1 ఎగిరే బాంబు ఈ గ్రోవ్ రోడ్డు రైలు వంతెన దగ్గరే పడింది. యుద్ధం ముగిశాక, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న పాత వరస ఇళ్లను విడతలు విడతలుగా తీసేసి, ఆ జాగాను పార్కులో కలుపుతూ వచ్చారు. చివరికి 193వ నంబరు ఇల్లొక్కటే మిగిలింది. అందులో ఉన్న మాజీ రేవు కార్మికుడు కదలనని భీష్మించుకున్నాడు. వేరే ఇల్లు చూపించాక ఆయన వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఇంటిని ఆర్టేంజల్ అనే సంస్థ తాత్కాలికంగా సంపాదించి వైట్‌రీడ్‌కు అప్పగించింది.

ఆమె ఏంచేశారంటే, ముందు ఇంటి అడుగున కొత్త పునాది వేయించారు. లోపల గోడల వెంట ఇనుప వల బిగించి, గది తర్వాత గదిగా కాంక్రీటు చల్లించారు. అది గట్టిపడ్డాక బయటి ఇటుకగోడలను, తలుపులను, కిటికీలను ఒక్కొక్కటే ఊడదీయించారు. అక్టోబరు చివరికి ఇల్లు పోయి, ఇంటి లోపలి ఖాళీ నిలబడింది. కిటికీ లోతుగా ఉండాల్సినచోట ముందుకు పొడుచుకొచ్చింది. చలిమంట గూళ్లు గోడ మీద దిమ్మల్లా బయటికొచ్చాయి. తలుపు చెక్కల చతురస్రాలు తిరగబడి అచ్చుపడ్డాయి. మనం గోడలు కట్టుకుంటాం గానీ బతికేది వాటి మధ్యనున్న గాలిలో. పొద్దున్నే లేచి తిరిగిన చోటు, పోట్లాడుకున్న చోటు, పిల్లలు పుట్టిన చోటు, ముసలివాళ్లు పోయిన చోటు, ఆ గాలి మొత్తం గడ్డకట్టి రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లకు ఎదురుగా నిలబడింది. లోపలికి వెళ్లడానికి దారి లేదు. నాకు ఆ పనిలో అన్నిటికన్నా బరువైన సంగతి అదే. వేరొకరి జీవితాన్ని బయటినుంచి తాకవచ్చు, అందులో దూరలేం.

ఇంతకు మూడేళ్ల ముందు, 1990లో, ఆమె ఉత్తర లండన్‌లో ఒక పాత ఇంటి ముందుగదిని ప్లాస్టరుతో ఇలాగే అచ్చు తీశారు. దాని పేరు 'ఘోస్ట్'. తెల్లటి ప్లాస్టరు దిమ్మల మధ్య చలిమంట గూడు ఉన్నచోట మాత్రం నల్లటి మసి అంటుకుని వచ్చింది. ఆ మసి ఆమె పూసింది కాదు. ఎన్నో శీతాకాలాలు ఎవరెవరో రాజేసిన బొగ్గు అది. అచ్చు తీసిన వస్తువుకూ బొమ్మ గీసిన వస్తువుకూ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది. బొమ్మలో మసి ఉండాలా వద్దా అన్నది చిత్రకారుడి ఇష్టం. అచ్చులో అది తనంతట తానే వచ్చి చేరుతుంది, ఎవరూ పిలవకపోయినా సాక్ష్యం చెప్పిపోతుంది.

'హౌస్' మీద పెద్ద గొడవే జరిగింది. దేనికిది అని ఎవరో దాని గోడ మీద రాశారు, ఎందుకు కూడదని పక్కనే ఇంకొకరు రాశారు. అదే ఏడాది సెప్టెంబరులో, బో పేట ఉన్న టవర్ హామ్లెట్స్ పరిధిలోనే, వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టాలనే బ్రిటిష్ నేషనల్ పార్టీ మొదటిసారి ఒక కౌన్సిలరు సీటు గెలుచుకుంది. ఇల్లు ఎవరిది, పేట ఎవరిది అన్న మాటలు రోజూ నలుగుతున్న చోట నిలబడింది కనుక, ఆ కాంక్రీటు ముద్ద కళావిమర్శకుల సొత్తుగా మిగలలేదు. 1993 నవంబరు 23న వైట్‌రీడ్‌కు బ్రిటన్ కళారంగంలో పెద్ద గౌరవమైన టర్నర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె. అదే రోజు స్థానిక కౌన్సిలర్లు ఆ శిల్పాన్ని కూల్చాలని తీర్మానించారు. ఓట్లు సమానమైతే అధ్యక్షుడి ఓటుతో తేలింది. ఆ ఏడాది అందరికన్నా చెడ్డ కళాకారిణి అంటూ ఇద్దరు సంగీతకారులు ఆమెకు 40,000 పౌండ్ల 'బహుమతి' ప్రకటించారు. ఆమె ఆ డబ్బు తీసుకుని 10,000 పౌండ్లు ఇల్లులేనివాళ్ల కోసం పనిచేసే షెల్టర్ సంస్థకు, మిగతాది ఇబ్బందుల్లో ఉన్న కళాకారులకు ఇచ్చేశారు. 1994 జనవరి 11న యంత్రాలు వచ్చి శిల్పాన్ని కూల్చేశాయి. ఇప్పుడక్కడ పచ్చిక ఉంది.

కూల్చివేత ఆ పనికి మేలే చేసిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అది ఇంకో పదేళ్లు వానలో నానుతూ, పాచిపడుతూ, పిల్లల రాతలతో నిండుతూ అక్కడే ఉండి ఉంటే, తీసేసిన ఆ వరస ఇళ్లన్నిటి గురించి కనీసం ఒక్కరైనా రోజూ అడిగేవారు.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరది. స్పెయిన్‌లో పుట్టి, న్యూయార్కులో కట్టడాల పరిరక్షణ బోధిస్తున్న హోర్హే ఒటెరో-పైలోస్ అనే ఆయన ఉన్నారు. రాతిగోడల మురికి తీయడానికి నిపుణులు వాడే పద్ధతి ఒకటి ఉంది. ద్రవరూపంలో ఉన్న రబ్బరుపాలను, అంటే లేటెక్స్‌ను, గోడ మీద పూస్తారు. ఆరాక దాన్ని ఒలిచేస్తే దుమ్మూ మసీ దానితోపాటే వచ్చేస్తాయి. మామూలుగా ఆ పొరను చెత్తలో పారేస్తారు. ఒటెరో-పైలోస్ దాన్నే దాచి ప్రదర్శిస్తారు. ఆత్రేయపురంలో కాలిన కుండ మీంచి పూతరేకు లేచి వచ్చేటప్పుడు చూశారా, ఎంత పలచనైనా కుండ ఒంపు అందులో ఉంటుంది. ఈ పొరలో కూడా గోడ రాళ్లు, వాటి మధ్య దర్జులు, ఉలిదెబ్బలు అన్నీ ఉంటాయి. వాటి మీద వందల ఏళ్ల ధూళి గోధుమరంగులో పరుచుకుని ఉంటుంది. 2008లో ఇటలీలోని బొల్జానోలో, ముస్సోలినీ కాలపు అల్యూమినియం కర్మాగారంలో ఈ పని చేశారు. 2009లో వెనిస్‌లో, డోజ్ ప్రాసాదం గోడ మీద చేశారు. ఈ వరస పనులకు ఆయన పెట్టిన పేరు 'ది ఎథిక్స్ ఆఫ్ డస్ట్'. రస్కిన్ 1866 పుస్తకం పేరునుంచి తీసుకున్నది.

2016 వేసవిలో ఆయన లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ హాలు తూర్పుగోడనుంచి తీసిన పొరను ఆ హాల్లోనే వేలాడదీశారు. పొడవు సుమారు 50 మీటర్లు. 1097లో కట్టిన హాలది. ఆంగ్లేయ రాజ్యానికి ముఖ్యమైన విచారణలెన్నో అక్కడే జరిగాయి. 1649లో మొదటి చార్లెస్ రాజుకు మరణశిక్ష విధించింది అక్కడే. మన సంగతి కూడా ఒకటుంది. 1788 ఫిబ్రవరి 13న, బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారెన్ హేస్టింగ్స్ మీద అభిశంసన విచారణ మొదలైంది ఈ హాల్లోనే. కాశీ రాజా చేత్‌సింగ్‌ను పీడించాడని, అవధ్ బేగముల సొత్తు లాక్కున్నాడని, లంచాలు తిన్నాడని ఆరోపణలు. పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ రోజుల తరబడి ప్రసంగించాడు. మొదట్లో టికెట్ల కోసం ఎగబడిన జనం క్రమంగా పలచబడిపోయారు. ఏడేళ్లు సాగి, 1795 ఏప్రిల్ 23న నిర్దోషి అని తేల్చారు.

ఆ విచారణలో చేత్‌సింగ్ లేడు. బేగములు లేరు. ఈస్టిండియా కంపెనీ వసూళ్లకు చితికిపోయిన రైతు ఒక్కడూ లేడు. వాళ్ల కష్టాలు మరొకరి నోట, మరొక భాషలో, ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరంలో వినిపించాయి. అంతా అయ్యాక ఏమీ జరగలేదన్న తీర్పొచ్చింది. ఆ హాలు చరిత్రలో ఇదొక అధ్యాయం. గోడ శుభ్రం చేసేవాళ్లకు అది కనిపించేది కాదు. ఆ గోడ మీది ధూళినంతా ఒలిచి వెలుతురుకు పట్టి చూపించినప్పుడు మాత్రం, ఇక్కడ ఎవరెవరు ఊపిరి పీల్చారు, ఎవరికి ఆ అవకాశమే రాలేదు అని అడగాలనిపిస్తుంది. వెస్ట్‌మినిస్టర్ హాలు గురించి చదివిన దేనిలోనూ నాకు ఆ ప్రశ్న ఇంత సూటిగా తగల్లేదు.

మన దేశంలో ఈ పని ముందే మొదలైంది. 1998లో కళాకారుడు వివాన్ సుందరం కోల్‌కతాలోని విక్టోరియా మెమోరియల్ దర్బారు హాలును తీసుకుని, బెంగాల్ ఆధునిక చరిత్ర మీద భారీ ప్రదర్శన అమర్చారు. వైస్రాయి కర్జన్ తలపెట్టగా 1921లో తెరుచుకున్న ఆ పాలరాతి మందిరం కింద నలిగిందేమిటో జనపనార సంచులతో, రైలు పట్టాలతో ఆ మందిరంలోనే చెప్పించారు. కొచ్చిలో 2012 డిసెంబరు 12న మొదలైన బినాలే కళాప్రదర్శనకు ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్. 1867లో ఒక ఇంగ్లీషు వర్తకుడు పెట్టిన వ్యాపారసంస్థ గోదాములవి. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరినూనె ఓడలకెక్కిన చోటు. అక్కడికి కళాకారులు షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టార్జ్ కలిసి బెంగళూరునుంచి వందకు పైగా పాత రుబ్బురోళ్లను తెచ్చి పరిచారు. మిక్సీలొచ్చాక వంటిళ్లనుంచి బయటపడ్డవి, పారేయడానికి మనసొప్పక వీధి చివర వదిలేసినవి. ఎగుమతి లెక్కల్లో దినుసుకు విలువ ఉంది, దాన్ని నూరిన చేతులకు లేదు. ఆ గోదాము మొదటిసారి ఆ చేతులకు చోటిచ్చింది. ఆ రోళ్ల గుంతలు చూస్తే మన అమ్మమ్మల భుజాలు గుర్తుకు రాని తెలుగువాళ్లు ఉండరనుకుంటాను.

కళాకారిణి జరీనా గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. దేశవిభజన తర్వాత కొన్నేళ్లకు కుటుంబం కరాచీ వెళ్లిపోయింది. ఆమె దేశదేశాలు తిరిగి చివరికి న్యూయార్కులో స్థిరపడ్డారు, 2020లో లండన్‌లో కన్నుమూశారు. అలీగఢ్ ఇంటి పటాన్ని ఆమె జ్ఞాపకంనుంచి మళ్లీ మళ్లీ చెక్కి అచ్చువేశారు. గదులు, వరండా, మధ్యలో ముంగిలి, అన్నీ నల్లటి గీతలే. మనుషులు లేరు, చెట్లు లేవు, రంగు లేదు. వైట్‌రీడ్‌కు ఇల్లు చేతికందింది. జరీనాకు అందలేదు. కొలవడానికి టేపు లేదు, తాకడానికి గోడ లేదు, కాళ్లకు గుర్తున్న దూరాలే కొలతలు. అమ్మ గదినుంచి వంటింటికి ఎన్ని అడుగులో కాళ్లకు తెలుసు. మాస్టారి పటాల పక్కన జరీనా పటం పెట్టి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

పాత కట్టడాల మీద కళ చేయడానికి ఒక చీకటి వైపు కూడా ఉంది, దాచకూడదు. పాతపేటలో ఒక కళాప్రదర్శన పెడితే జనం వస్తారు, కాఫీ దుకాణాలు వస్తాయి, అద్దెలు పెరుగుతాయి, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు బయటికి పోతారు. గోడ మీది గతాన్ని గౌరవించామంటూ గోడ వెనకున్న మనిషిని పంపేసే పని ఇది. షికాగోలో థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు దీనికి ఎదురీదారు. 1923లో కట్టి, 1980లలో మూతపడి శిథిలమైన బ్యాంకు భవనాన్ని నగరపాలకుల దగ్గర 1 డాలరుకు కొన్నారు. అందులోని పాలరాతిని పలకలుగా కోయించి, బ్యాంకు బాండ్లని చెక్కించి, ఒక్కోటి 5,000 డాలర్లకు అమ్మారు. ఆ డబ్బుతో భవనం లేపి 2015లో తెరిచారు. నల్లజాతి పత్రికలు 'ఎబొనీ', 'జెట్' నడిపిన ప్రచురణసంస్థ గ్రంథాలయం ఇప్పుడు అందులో ఉంది. అదే పేటలో ఉండి, ఆ పేటవాళ్ల కోసమే చేశారు గనుక ఆ పనికి నా దృష్టిలో విలువ ఎక్కువ. ఒక్క కళాకారుడు అద్దెల పెరుగుదలను ఆపలేడు. భవనం ఎవరి చేతికి పోతుందో పట్టించుకోకుండా దాని చరిత్ర మీద కళ చేయడం మాత్రం సగం పనే.

ఇక మన సంగతి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఏటా కూలుతున్నాయి. వాటి ద్వారబంధాలు, స్తంభాలు వ్యాపారులు కొని నగరాలకు చేర్చి అమ్ముతున్నారు. ఈమధ్య హైదరాబాదులో నేను చూసిన ఒక హోటలు ముఖద్వారం అలాంటి టేకు ద్వారబంధమే. బాగా పాలిష్ పట్టించారు. దగ్గరికి వెళ్లి చూశాను. పైకమ్మికి తోరణం కట్టే మేకుల రంధ్రాలను లప్పంతో పూడ్చేశారు. గడప చెక్కడం లోతుల్లో ఎక్కడో ఇంకా పసుపు ఇరుక్కుని ఉంది, ఎన్ని శుక్రవారాలదో. పక్కకమ్మి మీద, మనిషి నడుమెత్తున, కత్తిమొనతో గీసిన అడ్డగీతలు నాలుగైదు, ఒకదాని మీద ఒకటి. ఎవరి పిల్లలో ఏడాదికేడాది ఎదిగిన ఎత్తులు. పాలిష్ వాటి మీదుగా పోయింది గానీ గీతలు పోలేదు.

ఆ గడప అందాన్ని నేనూ ప్రేమిస్తాను. ఆ గడప ఎవరిని దాటనీయలేదో కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి. ఆ లోగిలికి పెరటి గుమ్మం ఉండేది. పాలేరు, చాకలి, పాకీపనివాళ్లు వచ్చిపోయే దారది. మండువా ఇళ్ల గురించి రాసే వ్యాసాల్లో ఆ గుమ్మం కనపడదు. పాత వస్తువుల దుకాణంలో పెరటి గుమ్మాన్ని ఎవరూ కొనరు. తెలంగాణలో దొరల గడీల కథ ఇంకా కటువు. వెట్టి చేసిన మనుషులే రాయి మోసి, సున్నం తొక్కి కట్టిన గోడలవి. ఆ ఊళ్లలో ముసలివాళ్లు కొందరు ఇప్పటికీ గడీ ముందునుంచి పోయేటప్పుడు గొంతు తగ్గిస్తారు. దొరలు వెళ్లిపోయి దశాబ్దాలైనా ఆ గోడల దగ్గర గొంతు ఎందుకు తగ్గుతుందో చూపించగల కళాకృతి కోసం నేను ఎదురుచూస్తున్నాను. సినిమావాళ్లకు ఆ గడీలు సెట్టింగుగా పనికొస్తున్నాయి. అక్కడ పనిచేసినవాళ్ల మనవలు మనవరాళ్లు చిత్రకళ చదువుతున్నారు. ఆ పని వాళ్లదే కావాలని నా ఆశ.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం కూడా అలాంటి పనికోసమే ఉందనిపిస్తుంది. 1805 దాకా ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్ తలపెట్టిన భవనం. కట్టించిన డబ్బు నిజాముది, అధికారం కంపెనీది. అతను పెళ్లాడిన ఖైరున్నీసా కోసం ఆ ఆవరణలోనే కట్టిన రంగమహల్ ఇప్పుడు లేదు, తర్వాత వచ్చిన దొరలు కూల్చేశారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. 1949 నుంచి అది ఆడపిల్లల కళాశాల. దర్బారు హాళ్లలో నల్లబల్లలు, బెంచీలు వేసి పాఠాలు చెప్పారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయిలు ఎందరో అక్కడ చదివారు. ఆ కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది, దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్న మనిషి పేరు.

ఆ భవనానికి మరమ్మతులు జరగాల్సిందే. నాకున్న ఒకే ఒక్క విన్నపం, మరమ్మతు అంచనాల్లో ఇంజనీరుకు, మేస్త్రీకి, సున్నానికి పద్దు రాసినట్టే ఒక కళాకారిణికి కూడా రాయాలి. గోడ గీకకముందే ఆమెను పిలవాలి. కర్క్‌పాట్రిక్ నాటి రంగు కోసం పొరలు పొరలుగా తవ్వే నిపుణులకు మధ్యలో తగిలే సుద్దముక్క పొడి అడ్డంకి. ఆమెకు అదే పదార్థం. స్తంభాల వెనక పిన్నీసుతో గీసుకున్న పేర్లను, బెంచీలు ఒరిగి గోడకు పడిన గీతలను, దీపాలు తగిలించిన కొక్కేల చుట్టూ పట్టిన నలుపును ముందు ఆమె అచ్చు తీసుకోనివ్వండి. తర్వాత మీ సున్నం పూయండి.

ఈ సభకు వచ్చిన చిత్రకళా విద్యార్థులకు ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాను. సంక్రాంతికి ఊరు వెళతారు కదా. మీ వీధిలో ఈ ఏడాది కూలబోయే ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. పలచటి కాగితం, బొగ్గుముక్క పట్టుకుని వెళ్లండి. ముందుగుమ్మం చెక్కడాన్ని చాలామంది గీస్తారు, మీరు పెరటివైపు వెళ్లండి. బావి చప్టా మీద తాడు ఒరిపిడికి పడిన గాళ్ల మీద కాగితం పరిచి బొగ్గు రుద్దండి. ఆ ఇంట్లో అంట్లు తోమినావిడ ఎవరో కనుక్కుని, బతికి ఉంటే తీసుకురండి. ఆమె ఎక్కడ కూర్చునేదో, వాన వస్తే ఎక్కడికి జరిగేదో అడిగి ఆ చోటు కొలిచి పటంలో గీయండి, కింద ఆమె పేరు రాయండి. వచ్చే ఏడాది ఇదే రోజున ఇక్కడి గోడలకు ఆ కాగితాలు తగిలిద్దాం. ఇందాక నిర్వాహకులను అడిగాను, హాలు ఇస్తామన్నారు.